పాడైన కాపీల వెనక

జూన్ 2, సోమవారం

ఉత్తరం వచ్చింది.

"విలువైన ఖాతాదారులకు. మీ సమాచార భద్రత మాకు అత్యంత ముఖ్యం. ఏప్రిల్ 20న మా కంప్యూటర్లలోకి బయటివారు అక్రమంగా ప్రవేశించినట్టు గుర్తించాము. మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు, మీరు వాడే మందుల వివరాలు బయటికి వెళ్ళి ఉండవచ్చు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

చెల్లి పేరు మీద, పాత గదికి వచ్చింది. మిగిలిన సామాను తెద్దామని వెళ్తే ఇంటావిడ కవరుని రెండు వేళ్ళతో పట్టుకుని నా చేతిలో పెట్టింది, ముట్టుకుంటే అంటుకుంటుందన్నట్టు.

వెళ్ళి ఉండవచ్చట! వెళ్ళింది. వాడి చేతిలో పడింది. వాడు మెట్లెక్కి వచ్చిన నాలుగో రోజున ఈ ఉత్తరం. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు. ఆ మొరగడం కూడా ఎంత మర్యాదగానో.

అసౌకర్యం. బస్సులో సీటు దొరక్కపోతే అసౌకర్యం.

జూన్ 3, మంగళవారం

కోర్టుకి సెలవులు, జిరాక్స్ షాపులో ఈగలు తోలుకుంటున్నాం. రాసి పెడతాను. రాయకపోతే కస్టమర్ల ముందు నోట్లోంచి వచ్చేస్తోంది.

చెల్లి మొగుణ్ణి వదిలేసి వచ్చి రెండేళ్ళు. రెండేళ్ళలో మూడు గదులు. మూడో గది సంగతి నాకూ, మా ఆయనకీ, ఆ ఇంటావిడకీ తప్ప ఎవరికీ తెలియదు. మే 29, గురువారం, పట్టపగలు వాడొచ్చి తలుపు కొట్టాడు. తిట్టలేదట. "మాత్ర డోసు పెంచారటగా, టైముకి వేసుకుంటున్నావా?" అన్నాడట, ఎంతో ప్రేమగా. చెల్లికి మూర్ఛ మాత్ర డోసు పెంచింది మార్చిలో. అది డాక్టరుకి తెలుసు, దానికి తెలుసు, నాకు తెలుసు, నెలనెలా మందులు ఇంటికి పంపే కంపెనీకి తెలుసు. డాక్టరు చెప్పడు. మేం చెప్పం. మిగిలిందెవరు?

అది తలుపు మూయబోయింది. వాడు తోశాడు. కుడిచేతి చూపుడు వేలూ, మధ్య వేలూ తలుపు సందులో పడ్డాయి. పక్కవాళ్ళు కేకలేస్తే దిగి వెళ్ళాడట, తాపీగా, మెట్లు లెక్కపెట్టుకుంటున్నట్టు.

అది బట్టల కంపెనీలో చొక్కాలకి కాజాలు కుడుతుంది. ఆ రెండు వేళ్ళే దాని అన్నం.

పోలీసులకి చెప్పాం. "నా భార్యని చూసుకోవడానికి వెళ్ళాను, తలుపు గాలికి పడింది" అన్నాడట. బయటే తిరుగుతున్నాడు. వాడి పేరు ఈ పుస్తకంలో రాయను. వాడు పుట్టుకతో అంతే, పాము కాటేస్తుంది. పాముని తెచ్చి పక్కలో వదిలినవాళ్ళున్నారే, వాళ్ళు ఏసీ గదుల్లో కూర్చుని ఉత్తరాలు రాస్తున్నారు. వాళ్ళని వదలను.

ఏప్రిల్ 20న వాళ్ళకి తెలిసింది. మే 31న ఉత్తరం రాశారు. నలభై ఒక్క రోజులు. ముప్ఫై తొమ్మిదో రోజున వాడొచ్చాడు. మొదటి రోజే ఒక్క మాట చెప్పి ఉంటే, చెల్లి ఆ సాయంత్రానికే గది ఖాళీ చేసేది.

నలభై ఒక్క రోజులు.

జూన్ 5, గురువారం

కంపెనీ యజమాని ఫొటో పేపర్లో వచ్చింది. ఏదో బహుమతి అందుకుంటున్నాడు. వేళ్ళు పదీ ఉన్నాయి.

జూన్ 7, శనివారం

వేస్టు కాగితాల కట్ట పల్లీల తాతకి ఇచ్చాను.

మా షాపులో కాగితం పారేయడమన్నది లేదు. గీత పడిన కాపీ, వంకరగా వచ్చిన కాపీ, అన్నీ బల్ల కింద బుట్టలోకి. వాటిలో వెనక శుభ్రంగా ఉన్నవి ఏరి మా ఆయన పుస్తకాలుగా కుడతాడు. ఈ డైరీ అలా కుట్టిందే. మిగతా కట్ట శనివారం శనివారం తాతకి, పదిహేనేళ్ళ అలవాటు. ఆయన పొట్లాలు చుట్టి మా షాపు ముందే వేయించిన పల్లీలు అమ్ముకుంటాడు. సాయంత్రం నాకో పొట్లం ఉచితం.

ఈ పేజీ వెనక ఎవరిదో వీలునామా. చిన్న కొడుక్కి ఇల్లట, పెద్ద కొడుక్కి గోడ గడియారమట. మా ఆయనకి చదివి వినిపిస్తే ఇద్దరం పడీ పడీ నవ్వాం. మొన్నటి పేజీ వెనక ఒకామె విడాకుల కాగితం, అత్తగారి గురించి ఆమె రాసింది చదివితే కడుపు చెక్కలే. మే 29 తర్వాత నవ్వడం ఇదే.

జూన్ 10, మంగళవారం

వకీలమ్మ దగ్గరికి వెళ్ళాను. ఇన్నేళ్ళుగా ఆవిడ దావాలన్నీ మా షాపులోనే టైపు చేస్తున్నాను, ఆవిడ చేతిరాత ఆవిడకన్నా నాకే బాగా అర్థమవుతుంది.

"కూర్చో. ఉన్న దారులన్నీ ముందు చెప్తాను, కోపం తర్వాత తెచ్చుకుందువుగాని," అంది.

దారులు చాలానే ఉన్నాయి. సమాచార రక్షణ కార్యాలయమని ఒకటుందట. అక్కడ ఫిర్యాదు పెడితే విచారించి కంపెనీకి జరిమానా వేస్తారు, కానీ ఆ జరిమానా ప్రభుత్వానికి పోతుంది. మనకి జరిగిన నష్టానికి విడిగా సివిల్ కోర్టులో దావా వేయొచ్చు, కానీ ఆ లీకు వల్లే వాడొచ్చాడని మనమే రుజువు చేయాలి. ఇలా మూడు లక్షల మంది వివరాలు పోయి నెట్‌లో ఎవరికి పడితే వాళ్ళకి దొరుకుతున్నాయట, వాళ్ళల్లో కొందరు కలిసి ఒకే దావా వేస్తున్నారట. అందులో చేరితే ఖర్చు తక్కువ. "కానీ ఆ గుంపులో మీ చెల్లెలి వేళ్ళు ఎవరికీ కనపడవు," అంది. కంపెనీ ఒక ఫారం కూడా పంపుతుందట, మన వివరాలు ఎవరైనా వాడుతున్నారేమో కనిపెట్టి చెప్పే నిఘా సేవ ఏడాదిపాటు ఉచితంగా ఇస్తామని. అడుగున చిన్న అక్షరాల్లో, ఇక ఎక్కడా దావా వేయననే మాట ఉంటుందట.

"వీటన్నిట్లో ఏది ఎక్కువ నొప్పి పెడుతుంది?" అని అడిగాను.

"ఎవరికి?" అంది, కళ్ళజోడు మీంచి చూస్తూ.

కంపెనీకే అన్నాను. ఇంకెవరికి?

ముందు ఆ కార్యాలయంలో ఫిర్యాదు పెడదామంది. లీకు సంగతి తెలిసిన డెబ్బై రెండు గంటల్లోపు బాధితులకి చెప్పాలని చట్టంలో ఉందట. వీళ్ళు నలభై ఒక్క రోజులు కూర్చున్నారు. తప్పు అక్కడ తేలితే ఆ తీర్పు పట్టుకుని సివిల్ కోర్టుకి వెళ్ళొచ్చు. "వాళ్ళు దొంగతనం ఆపలేకపోయారని కాదు, తెలిసీ చెప్పలేదని పట్టుకుందాం. మెడ అక్కడుంది."

మెడ అక్కడుంది. ఆ మాట దారంతా చప్పరించుకుంటూ వచ్చాను.

జూన్ 12, గురువారం

కంపెనీకి ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు సంగీతం. తర్వాత ఎవరో అమ్మాయి.

"మీ ఇబ్బంది మాకు అర్థమైందండీ."

"నీకు వేళ్ళున్నాయా అమ్మా?"

"అండీ?"

"ఉంటే ఒకటి తలుపు సందులో పెట్టు. అప్పుడు అర్థమవుతుంది."

"ఫిర్యాదు నమోదు చేసుకుంటున్నానండీ," అంది, గొంతు కొంచెం తేడాగా. ఏడ్చిందేమో. ఏడవనీ. ఉచిత నిఘా సేవ ఫారం పంపనా అనడిగింది. పంపమన్నాను. వస్తే దాన్ని ఏం చేయాలో నాకు తెలుసు.

జూన్ 14, శనివారం

ఫారం వచ్చింది. తాతకిచ్చే కట్టలో పైన పెట్టాను. కంపెనీ గుర్తు పైకి కనిపించేలా పొట్లం చుట్టమని చెప్పాను. తాతకి ఎందుకో అర్థం కాలేదు, కానీ చుట్టాడు.

జూన్ 19, గురువారం

చెల్లి దగ్గరికి వెళ్ళాను. ఇది నాలుగో గది. ఎక్కడో రాయను, ఇక్కడ కూడా రాయను.

కట్టు విప్పారు. వేళ్ళు సొరకాయ ముక్కల్లా ఉబ్బి ఉన్నాయి. ఎడమచేత్తో సూది పట్టుకోవడం నేర్చుకుంటోంది. పళ్ళ మధ్య దారం, ఒళ్ళో పాత దిండు గలేబు, దాని మీద వంకరటింకర కాజాలు. ఒకటో తరగతి పిల్ల రాసిన అక్షరాల్లా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది, కోపంగా మార్చుకున్నాను. అది నాకు తేలిక.

ఫిర్యాదు సంగతంతా చెప్పాను. అది విని, "నాకు కక్ష వద్దక్కా. తలుపుకి ఇంకో గొళ్ళెం కావాలి," అంది.

"రెండూ పెట్టిద్దాం."

"నా పేరు మళ్ళీ కాగితాల మీదకెక్కుతుంది కదా."

"కాగితాల సంగతి నాకు వదిలెయ్. పదిహేనేళ్ళుగా కాగితాలతోనే బతుకుతున్నాను."

చాలాసేపు కిటికీలోంచి చూసింది. చివరికి, "నీకు అంత కావాలంటే సరే," అంది. సరే అంది కదా.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్తే, "కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు. రెండు రోజులు మాట్లాడను.

జూన్ 24, మంగళవారం

ఫిర్యాదుకి కంపెనీ జవాబిచ్చింది. వకీలమ్మ ఫోన్‌లో చదివి వినిపించింది. "సదరు ఖాతాలో బట్వాడా చిరునామా మొదట కోర్టు వీధిలోని ఒక దుకాణానిదిగా ఉండేది. ఫిబ్రవరి 11న ఖాతాదారుల తరఫున ఫలానా ఫోన్ నంబరు నుంచి దానిని నివాస చిరునామాగా మార్చడమైనది."

"ఆ నంబరు ఎవరిది?" అని అడిగింది వకీలమ్మ.

కస్టమర్లున్నారని ఫోన్ పెట్టేశాను. కస్టమర్లెవరూ లేరు.

అదే రోజు, షాపు మూసేముందు

నంబరు నాది. చెల్లి మొదట్లోనే చెప్పింది, "షాపు అడ్రసే ఉండనీ అక్కా, నువ్వొచ్చినప్పుడు మందులు తెచ్చివ్వు" అని. తెచ్చిచ్చాను, ఏడాదిన్నర. రెండు బస్సులు మారాలి. ఫిబ్రవరిలో మోకాలు నొప్పి, షాపులో పని. మందుల కంపెనీకి చెప్తే ఏమవుతుందిలే, వాళ్ళకేం పని అనుకున్నాను. దానికి చెప్పకుండానే మార్చాను. ప్యాకెట్టు తిన్నగా గదికొచ్చిన రోజు దాని ముఖం చూశాను. ఏమీ అనలేదు.

అయితే ఏంటి? అడ్రసు ఇచ్చింది మందుల కోసం. సంతలో పరచమని కాదు. నమ్మి ఇచ్చినదాన్ని పోగొట్టి, పోగొట్టామని చెప్పకుండా నలభై ఒక్క రోజులు దాచి, ఇప్పుడు నా వైపు వేలు చూపిస్తారా? గురివింద గింజ తన కింద నలుపెరగదట. ఇప్పుడు వీళ్ళని అస్సలు వదలను. ముందు చెల్లి కోసం. ఇప్పుడు నాకోసం కూడా.

జూన్ 28, శనివారం

వేస్టు కట్ట. తాత, "ఏంటమ్మా, ఈ మధ్య బక్కచిక్కిపోయావు," అని రెండు పొట్లాలు ఇచ్చాడు. కసి పెరిగితే కండ కరుగుతుందన్నాను.

జూలై 4, శుక్రవారం

విచారణ మంగళవారం. చెల్లి వాంగ్మూలం ఇవాళ టైపు చేశాను. వకీలమ్మ మరీ మరీ చెప్పింది: "ఇప్పుడున్న చిరునామా అందులో ఉండాలి, గదులు మారాల్సి వచ్చిందని రుజువు కావాలి కాబట్టి. కానీ అది విచారణాధికారి ఒక్కడే చూస్తాడు. ఒక్కటే కాపీ. కవర్లో పెట్టి, అంటించి, సీలు వేసి నాకివ్వు. కంప్యూటర్లో ఉంచకు."

షట్టరు సగం దించి టైపు చేశాను. ఒక్క పేజీలో పట్టించాను, పైన పేరు, ఇప్పటి అడ్రసు, కింద నలభై ఒక్క రోజుల లెక్క. అంత చక్కని పేజీ నా జన్మలో టైపు చేయలేదు. మెషీన్ డ్రమ్ము మొరాయించింది, మొదటి మూడింటికీ మధ్యలో నల్ల గీత పడింది. తుడిచి వేస్తే నాలుగోది అద్దంలా వచ్చింది. కవర్లో పెట్టి, అంచులు అంటించి, లక్క వేసి, ఆ లక్క మీద ఊదాను. కంప్యూటర్లో ఫైలు చెరిపేశాను. చెరిపేసిన వాటి బుట్ట కూడా ఖాళీ చేశాను. వకీలమ్మ గుమాస్తా అడిగితే కూడా ఇవ్వకుండా నేనే వెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను.

ఇందులో పదో వంతు జాగ్రత్త ఆ కంపెనీకి ఉండి ఉంటే!

జూలై 5, శనివారం

తాతకి కట్ట ఇచ్చాను. మంగళవారానికి నా నీలం చీర ఇస్త్రీకి వేశాను.

జూలై 8, మంగళవారం

మొదటి నుంచీ రాస్తాను. మధ్యలో ఆపను.

పది గంటలకి విచారణ. పొడుగు బల్ల, ఆ చివర విచారణాధికారి, బట్టతల, దగ్గు. ఒకవైపు వకీలమ్మా నేనూ. ఎదురుగా కంపెనీ లాయరు, కంపెనీ పెద్దమనిషి ఒకడు, ఫైళ్ళు పట్టుకుని ఒక అమ్మాయి. చెల్లి రాలేదు, రావద్దన్నాం. దాని తరఫున నేను.

కంపెనీ లాయరు గంటసేపు మాట్లాడాడు. పూర్తి విచారణ చేశాకే చెప్పాలనుకున్నారట. అనవసరంగా జనాన్ని భయపెట్టకూడదనుకున్నారట. అంతర్గతంగా చర్చలు జరిగాయట. నేను చీర కొంగు పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను.

నావంతు వచ్చినప్పుడు లేచాను. కంపెనీ పెద్దమనిషి వైపు తిరిగి, "అయ్యా, ఒక్కటే అడుగుతాను. మీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"అది నివేదికలో..."

"నివేదిక నేనూ చదివాను. మీ నోటితో చెప్పండి. ఎప్పుడు తెలిసింది?"

"ఏప్రిల్ ఇరవై."

"మా చెల్లికి ఎప్పుడు చెప్పారు?"

వాడు నీళ్ళు నమిలాడు. లాయరు అడ్డం పడబోతే విచారణాధికారి చేత్తో ఆపాడు. "జవాబు చెప్పనివ్వండి," అన్నాడు. ఆ పెద్దమనిషి మెడ ఎర్రబడింది. తేదీ చెప్పాడు, బల్లకేసి చూస్తూ.

"మధ్యలో ఆవిడ తలుపు దగ్గరికి ఎవరొచ్చారో తెలుసా మీకు? మీరు చర్చించుకుంటుంటే ఆవిడ ఏం చేస్తోందో తెలుసా? కాజాలు కుడుతోంది. ఏమీ తెలియక, హాయిగా, కిటికీ తెరుచుకుని."

నా జీవితంలో అంత సుఖం ఎరగను. అబద్ధమెందుకు, పెళ్ళినాడు కూడా ఎరగను.

పన్నెండింటికి విరామం. వరండాలోకి వచ్చి నీళ్ళు తాగుతుంటే ఆ ఫైళ్ళ అమ్మాయి దగ్గరికొచ్చింది.

"మీరేనాండీ ఫోన్‌లో, తలుపు సందులో వేలు పెట్టమంది?"

గొంతు గుర్తుపట్టాను. ఇంకో విడత మొదలెడదామని నోరు తెరిచాను. ఆ అమ్మాయి సంచీలోంచి ఒక కాగితం తీసింది. ముడతలు పడి, నూనె మరకలతో, ఒక మూల ఉప్పు అంటుకుని ఉంది.

"పొద్దున ఏమీ తినలేదండీ. టైముకి ముందే వచ్చాను కదా అని కోర్టు వీధిలో పల్లీలు కొన్నాను. తిన్నాక చూస్తే..." గొంతు తగ్గించింది. "ఇది మీదేననుకుంటా. మా లాయరుకి చూపించలేదు. ఎవరికీ చూపించలేదు. నా ఫోన్‌లో ఫొటో కూడా లేదు, కావాలంటే చూసుకోండి."

మధ్యలో నల్ల గీత. పైన చెల్లి పేరు. దాని కింద అడ్రసు, ఇంటి నంబరుతో సహా, నేను టైపు చేసిందే, అంత చక్కగా.

ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉంది. నేను థాంక్స్ చెప్పలేదు. అది తలూపి లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం విచారణలో ఏం జరిగిందో నాకు తెలియదు. వకీలమ్మ నా భుజం తట్టింది, బాగా జరిగిందట.

సాయంత్రం

మూడు పాడయ్యాయి. ఒకటి నా దగ్గరుంది.

తాత బుట్ట మొత్తం గుమ్మరించాను. చుట్టిన పొట్లాలు విప్పాను, చుట్టని కాగితాలు ఒక్కొక్కటీ చూశాను. ఎవరివో మార్కుల జాబితాలు, ఎవరిదో గుండె పరీక్ష, ఎవరిదో అద్దె ఒప్పందం. ఆ రెండూ లేవు.

"పోయిన శనివారం కట్టలోవి ఎవరికిచ్చావు తాతా?"

"ఎవరికని చెప్పనమ్మా? తిన్నవాళ్ళకి ఇచ్చాను," అన్నాడు. "పొట్లం మీద ఏముందో నేనెప్పుడైనా చూశానా?"

జూలై 9, బుధవారం

ఆలోచించాను. తొందరపడకూడదు. ఆ రెండు పొట్లాలూ ఎవరో తిని నలిపి పారేసి ఉంటారు. నూటికి తొంభై తొమ్మిది మంది పొట్లం చదవరు. వాడు ఈ వీధికి ఎందుకొస్తాడు? పోలీసు కేసు వాయిదాకి వస్తాడు, అది వచ్చే నెల. ముందు ఇంకాస్త వెతికి, ఏమైందో పూర్తిగా తెలిశాక దానికి చెప్దాం. ఊరికే భయపెట్టడం ఎందుకు, ఇప్పుడిప్పుడే కాస్త నిద్రపోతోంది.

మురిక్కాలవ పక్కనా, చెత్తకుండీలోనూ వెతికాను. మా ఆయన కూడా వచ్చాడు. ఏమీ అనలేదు. కందా అనలేదు, కత్తిపీటా అనలేదు. అంటే బాగుండేది.

జూలై 10, గురువారం

చెల్లి ఫోన్ చేసింది. కర్టెన్ గుడ్డ కొందట. రెండేళ్ళలో ఏ గదికీ కర్టెన్ కొనలేదు, ఎన్నాళ్ళుంటామో తెలియని చోట ఎందుకని. ఇది పసుప్పచ్చదట, చిన్న చిన్న చుక్కలు. ఎడమచేత్తో అంచు మడిచి కుడుతోందట. గొంతులో నవ్వుంది.

"కుట్టు సన్నగా వెయ్యి. జాగ్రత్త," అన్నాను.

చెప్పలేదు.

నిన్న రాసింది ఇప్పుడు తిరిగి చదివాను. పూర్తిగా తెలిశాక చెప్దాం. ఊరికే భయపెట్టడం ఎందుకు. కంపెనీ లాయరు ఇంతకన్నా బాగా రాశాడు, అంతే తేడా.

జూలై 11, శుక్రవారం

రెండు బస్సులు మారి వెళ్ళాను. చేరేసరికి పొద్దున పదయింది. కర్టెన్ అప్పుడే తగిలించినట్టుంది, స్టూలు కిటికీ దగ్గరే ఉంది. పసుప్పచ్చని వెలుతురు గదంతా.

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. బుట్ట, తాత, పొట్లం, ఆ అమ్మాయి, మిగిలిన రెండు కాగితాలు. అంతా విన్నాక అది అరవలేదు.

"ఎప్పుడు తెలిసింది?" అంది.

ఆ ప్రశ్న నాది. మొన్న ఆ గదిలో నేనే అడిగాను, నీలం చీర కట్టుకుని.

"మంగళవారం. మధ్యాహ్నం."

"ఇవాళ శుక్రవారం."

"డెబ్బై రెండు గంటలు ఇంకా కాలేదే," అన్నాను. నిజంగా అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

అది నన్ను చూసింది. "నిన్న ఫోన్ చేశాను. అప్పుడు తెలుసా నీకు?"

"తెలుసు."

"కుట్టు సన్నగా వెయ్యమన్నావు."

తర్వాత స్టూలెక్కి కర్టెన్ దించింది. నేను పట్టుకోబోతే వద్దంది. ఎడమచేత్తో మడిచింది, నాలుగు మడతలు, ఆ రెండు వేళ్ళూ గాల్లో నిలబెట్టుకుని. సంచీలో అన్నిటికన్నా కింద పెట్టింది. బట్టలు, గిన్నెలు, మందులు. ఇలా సర్దడం దానికి బాగా అలవాటు, గంట కూడా పట్టలేదు.

"ఎక్కడికి వెళ్తావే?"

"ఫోన్ చేస్తాలే అక్కా. షాపు నంబరుకి."

"నేను వచ్చి దింపుతాను."

"వద్దు."

"నన్ను కాకపోతే ఇంకెవర్ని నమ్ముతావే నువ్వు?"

"నువ్వు నన్ను ప్రేమిస్తావని నమ్ముతానక్కా," అంది. "అడ్రసు మాత్రం ఇవ్వను."

బస్టాపు దాకా సంచీ నేనే మోశాను, అంతవరకు ఒప్పుకుంది. నా బస్సు ముందొచ్చింది. దాని బస్సు నంబరు నాకు తెలియకూడదని నన్నే ముందు ఎక్కించింది.

జూలై 12, శనివారం

తాత వచ్చాడు. కట్ట లేదన్నాను. బుట్టలో ఉన్నవన్నీ మా ఆయన పొద్దుటే చింపి నీళ్ళ తొట్టిలో నానేశాడు.

"మరి పొట్లాలు?" అన్నాడు తాత. తెల్ల కాగితం కొత్త కట్ట విప్పి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "రెండువైపులా ఏం లేదేంటమ్మా, ఇది దండగ కదా," అన్నాడు.

ఈ డైరీ వెనక ఎవరెవరున్నారో ఇవాళ మొత్తం తిరగేశాను. వీలునామా రాసిన పెద్దాయన, ఆ అత్తగారి కోడలు, ఇంకా పంతొమ్మిది మంది. అందరి అడ్రసులూ ఉన్నాయి.

జూలై 21, సోమవారం

ఫోన్ రాలేదు.

జూలై 26, శనివారం

షాపు ఫోన్ మోగింది. "బాగానే ఉన్నాను," అంది. ఎక్కడో లారీల చప్పుడు. మందులు దొరుకుతున్నాయా అంటే దొరుకుతున్నాయంది. కర్టెన్ తగిలించావా అని అడుగుదామనుకున్నాను, అడగలేదు.

ఆగస్టు 6, బుధవారం

తీర్పొచ్చింది. గెలిచాం. తెలిసీ చెప్పకపోవడం కంపెనీ తప్పేనని పదకొండు పేజీల్లో రాశాడు బట్టతలాయన. జరిమానా గట్టిగానే వేశాడు. నా ప్రశ్న కూడా అందులో ఉంది, ఆరో పేజీలో, నేనన్న మాటల్లోనే. ఇక సివిల్ దావాకి అడ్డు లేదంది వకీలమ్మ. పేపర్లో మళ్ళీ ఆ యజమాని ఫొటో వేశారు, ఈసారి బహుమతి లేదు. రెండుసార్లు చూశాను. బాగుంది. బాగాలేదని రాస్తే అబద్ధం. ఆ యజమానిని కోర్టుకి కూడా లాగుతాను, వేలికో వాయిదా చొప్పున తిప్పుతాను.

ఆ ఫైళ్ళ అమ్మాయికి ఒక ఉత్తరం రాశాను. రెండు ముక్కలే. కంపెనీ అడ్రసుకి పంపితే ఎవరి కళ్ళబడుతుందోనని పంపలేదు.

తీర్పు నకలు చెల్లికి అందాలంటే ఫారం నింపాలట. వకీలమ్మ గుమాస్తా తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. ఫిర్యాదుదారు పేరు రాశాను. కింద, ప్రస్తుత చిరునామా.

"ఇంటి నంబరుతో సహా రాయాలండీ," అన్నాడు గుమాస్తా.

షాపు అడ్రసే రాశాను.